తీగ వద్దు

పంచదార పిన్ని భర్త ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఒక్కటంటే ఒక్క తప్పు చేయలేదు. ఇంతకంటే పెద్ద కష్టం ఏ ఇల్లాలికీ రాకూడదని పిన్ని అనుకుంటుంది. మొగుడు తాగుబోతైతే మాన్పించడానికి నలుగురూ వస్తారు. కోపిష్టి అయితే పుట్టింటికి పోయి ఓ వారం కూర్చోవచ్చు. అసలు తప్పే చేయని మనిషి గురించి ఎవరికి చెప్పుకోవాలి, ఏమని చెప్పుకోవాలి?

ఆయన చేతిలోంచి గ్లాసు జారి ముక్కలవుతుంది. "గ్లాసు పగిలింది" అంటాడు. ఆయన్ని కాపలా పెట్టిన గిన్నెలోంచి పాలు పొయ్యి మీదికి దిగుతాయి. "పాలు పొంగాయి" అంటాడు. మూడు గొడుగులు వరసగా బస్సుల్లో "ఉండిపోయాయి", వాటికి ఆ సీట్లు నచ్చి దిగమన్నా దిగనట్టు. పగిలింది, పొంగింది, ఉండిపోయింది. పగలగొట్టాను, పోగొట్టాను అనే మాటలున్నాయని పాపం ఆయనకి తెలియదేమో అని సరిపెట్టుకుందామంటే అదీ కుదరదు. ఆయన ఉద్యోగమే తెలుగు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టుకున్నందుకు జీతమిస్తారు. ఇంట్లో మాత్రం ఉచితంగా పడతాడు.

పంచదార పిన్ని అనేది ఆమె అక్క పిల్లలు పెట్టిన పేరు. వీధంతా అందుకుంది. ఆ లెక్కన ఆయన వీధందరికీ బాబాయి అయ్యాడు. ఇది కూడా దానంతట అదే జరిగింది.

బాబాయి జేబులో ఎర్ర కలం ఎప్పుడూ ఉంటుంది. సరుకుల చీటీలో పిన్ని "సబ్బులు రెండు కావాలి" అని రాస్తే "కావాలి" కొట్టేస్తాడు. చీటీలో రాశావంటే కావాలనే కదా అంటాడు. ఆయనకి రెండంటే పడవు: అక్కర్లేని మాట, పరాయి మాట. ఒకసారి పిన్ని బయటికి వెళ్తూ "ఫ్యాను రిపేరు, రెండో అంతస్తు" అని రాసి కింద గేటుకి అంటించింది. ఈయన దాన్ని "పంకా మరమ్మతు" అని దిద్దాడు. ఎలక్ట్రీషియన్ వచ్చాడు, చదివాడు, ఇది వేరే ఇల్లనుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఇద్దరూ విసనకర్రలతో కూర్చున్నప్పుడు బాబాయి అన్నది ఒకటే: "మనిషి రాలేదు."

ఇక పిన్ని పని. కేకు మీద పెట్టే పంచదార పూలు చేస్తుంది. మెత్తటి పొడి పంచదారలో గుడ్డు తెల్లసొన, గట్టిపడేందుకు చిటికెడు బంక పొడి కలిపి, చెవి తమ్మె అంత మెత్తగా అయ్యేదాకా పిసుకుతుంది. ఆ ముద్దని చిన్న కర్రతో పలచగా పాముతుంది. ఎంత పలచగా అంటే, బల్ల మీద బాబాయి పాత ప్రూఫు కాగితం పరిచి దాని మీద ఆ పొరని వేస్తే అక్షరాలు పైకి కనపడాలి. చదవగలిగితే రేకకి పనికొస్తుంది, లేకపోతే మళ్ళీ పామాలి. పెళ్ళైన కొత్తలో బాబాయి అలా ఒక రేకలోంచి చూసి "ఇక్కడ దీర్ఘం పడలేదు" అన్నాడు. మురిసిపోతాడనుకుని రేక చూపించిన మనిషికి ఆ మాట ఇప్పటికీ గుర్తే.

రేకలు కోశాక ఒక్కొక్క దాని మొదట్లో వెంట్రుకంత సన్నటి ఇనప వైరు గుచ్చి, ఆరబెట్టి, అయిదేసి రేకలు కలిపి ఆకుపచ్చ టేపు చుడితే ఒక పువ్వు. వైరు ఉంటే పువ్వు ఎటు వంచితే అటు వంగుతుంది. కానీ పిన్నికి పేరు తెచ్చింది పూలు కావు, తీగ. సన్నటి ఆకులతో, చివర్లో మెలికలు తిరిగిన నులితీగలతో కేకు చుట్టూ పాకే పచ్చటి పంచదార తీగ. అది చూసినవాళ్ళు కేకు కోయడానికి చాకు పట్టుకుని కాసేపు ఆగుతారు.

బుధవారం పొద్దున పిన్ని మోచేతుల దాకా ముద్దలో ఉండగా ఫోను మోగింది. అవతల బ్యాంకావిడ. రెండు వీధుల అవతల ఉంటుంది. వాళ్ళమ్మగారికి ఎనభై నిండుతున్నాయి. కేకు ఇంట్లో తనే కాలుస్తుంది, పూలు మాత్రం పిన్ని చేసి తెచ్చి పెట్టాలి.

"ఏమండీ, కాస్త రాసుకోండి" అని కేకేసింది పిన్ని.

బ్యాంకావిడ పదకొండు నిమిషాలు మాట్లాడింది. బాబాయి ఊఁ కొట్టాడు, రాసుకున్నాడు, ఫోను పెట్టేశాడు. తర్వాత కూర్చుని రాసుకున్నదాన్ని దిద్దాడు. దిద్దింతర్వాత తిరగరాశాడు. చివరికి చీటీలో మిగిలినవి ఇవి:

ముప్పై పూలు. తెలుపు. తీగ వద్దు. ఆదివారం నాలుగు.

"పదకొండు నిమిషాలది నాలుగు ముక్కల్లోకి తెచ్చాను చూడు" అన్నాడు, పతకం తెచ్చిన పిల్లాడిలా.

పిన్ని కళ్ళు మూడో ముక్క దగ్గర ఆగిపోయాయి. "తీగ వద్దందా?"

"వద్దంది. నొక్కి మరీ చెప్పింది."

పిన్ని మనసు చివుక్కుమంది. అడిగితే బతిమాలినట్టుంటుందని అడగలేదు. వద్దనుకున్నవాళ్ళకి వద్దు, మనకేం అనుకుంది. మూడు రోజులు కూర్చుని నూటయాభై రేకలకి నూటయాభై వైర్లు గుచ్చి ముప్పై తెల్ల పూలు చేసింది. తీగ లేకుండా.

ఆదివారం తొమ్మిదింటికి బ్యాంకావిడే మళ్ళీ ఫోను చేసింది.

"పిన్నిగారూ, పూలు అయిపోయాయా? అమ్మ పొద్దున్నుంచీ గుమ్మం వైపే చెవి పెట్టుకుని కూర్చుంది. చూపు ఆనదు గానీ ఆ చెవులు చూడండి, రెండు గదుల అవతల చెంచా పడితే ఏ చెంచానో చెప్తుంది! వైరు లేకుండా బాగా కుదిరాయా?"

పిన్ని చేతిలో కాఫీ గ్లాసు గాల్లో ఆగింది. "వైరా?"

"అదేనండీ, పువ్వు లోపల వైరు. బాబాయిగారికి మరీ మరీ చెప్పానుగా. పోయినేడు ఎక్కడో కొన్న కేకు మీద పువ్వు నోట్లో వేసుకుంటే చిగుట్లో దిగింది. లోపల ఏమీ లేదని చెప్పి మరీ ఇచ్చారు వాళ్ళు. కళ్ళు కనపడని మనిషి, చేతికి తగిలింది నోట్లో పెట్టుకుంటుంది. అప్పట్నుంచి కేకంటే దూరం జరుగుతోంది. మీరు చేసి ఇస్తారంటేనే ఒప్పుకుంది. పువ్వు తింటానంది, పిన్నిగారూ! అందుకే ఒకసారి అడుగుదామని."

పిన్ని అట్టపెట్టె వైపు చూసింది. అందులో ముప్పై తెల్ల పూలు. ముప్పై పూలలో నూటయాభై సూదులు. పూలు లేకుండా ఉత్త కేకే పెట్టమని చెప్పడానికి నోరు తెరిచింది. గుమ్మం వైపు చెవి పెట్టుకున్న మనిషి గుర్తొచ్చింది.

"నాలుగింటికి తెస్తానమ్మా, వైరు లేకుండా" అంది. ఫోను పెట్టి, గోడకి గుచ్చిన చీటీ తీసుకుని, పేపరు చదువుతున్న బాబాయి ముందు పెట్టింది.

"ఆవిడ వైరు అందా, తీగ అందా?"

"వైరు అంది. నేను తీగ అని రాశాను. మాట ఉండగా వైరెందుకు?"

"పువ్వు లోపల అని చెప్పిందా?"

"చెప్పింది. వద్దన్నాక లోపలైతే ఏంటి, బయటైతే ఏంటి? అధికం."

"మన ఇంట్లో ఇన్నేళ్ళుగా దేన్ని తీగ అంటున్నాం?"

బాబాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. "వైరుకి తీగ అనే అర్థం నిఘంటువులో ఉంది. కావాలంటే చూడు."

"నిఘంటువుని తీసుకెళ్ళి ఎనభయ్యేళ్ళావిడ నోట్లో పెట్టమంటారా?"

బాబాయి లేచి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. "దీనికింత రాద్ధాంతమెందుకు? వైర్లు లాగేస్తే సరి" అని ఒక పువ్వు తీసుకుని లాగాడు. టప్‌మంది.

"రేక విరిగింది" అన్నాడు.

ఇంకోటి లాగాడు. "ఇదీ విరిగింది."

మూడోదాని మీదికి వెళ్తున్న చేతిని పిన్ని పట్టుకుంది. "వాటంతట అవి విరుగుతున్నాయి కాబట్టి మీరు ఇటు రండి. చేతులు కడుక్కోండి. మోచేతుల దాకా."

వైరు లేకపోతే పువ్వు నిలబడాలంటే ఒకటే దారి. అయిదు రేకలూ కలిసొచ్చే అచ్చుతో కోసి, చెంచా గుంటలో కూర్చోబెట్టి, దాని మీద ఇంకో వరస అతికించి, అలాగే ఆరనివ్వాలి. ఆరాక చెంచా ఆకారం నిలుస్తుంది. ముప్పై పూలంటే ముప్పై చెంచాలు. ఇంట్లో మందు తాగే చెంచాతో సహా ఇరవై రెండు తేలాయి. పిన్ని కింది వాటాలో ఉండే కుట్టుమిషనావిడ దగ్గరికి దిగింది.

"ఎనిమిది చెంచాలా? ఏంటి పిన్నీ, విందా?"

"శిక్ష."

"ఎవరికి?"

"ప్రస్తుతానికి నాకు. చీటీలో తప్పు జరిగిందట."

"జరిగిందా!" కుట్టుమిషనావిడ చెంచాలు లెక్కపెట్టి ఇస్తూ కళ్ళెగరేసింది. "మా ఇంట్లోనూ అంతే పిన్నీ. మా వారి చొక్కాకి ఇస్త్రీ పెట్టె దానంతట అదే వచ్చి అంటుకుంది. మాడింది అన్నారు."

పైకొచ్చేసరికి బాబాయి కాఫీలో పంచదార వేసుకుని, కలపడానికి చెంచా లేక, ఎర్ర కలం వెనక్కి తిప్పి తిప్పుతున్నాడు. పిన్ని చూసీ చూడనట్టు ముద్ద పిసకడం మొదలుపెట్టింది. ఆ పూట ముద్దకి తగిలిన గుద్దులు అన్నీ ముద్దవి కావు.

పామే పని బాబాయికిచ్చింది. మొదటి పొర పామి, "చాలా?" అన్నాడు.

"కాగితం మీద వేసి చూడండి."

ఆయన పాత ప్రూఫు కాగితాల కోసం వెతికాడు. ఎప్పుడూ బల్ల మూలనుండే కట్ట లేదు. పిన్ని అప్పటికే దాన్ని బీరువా మీదికెక్కించింది. బల్ల మీద ఒకే ఒక్క కాగితం ఉంది. ఆయన రాసిన చీటీ.

"దాని మీదే వేయండి. ఏమైనా కనపడుతోందా?"

"మసగ్గా ఉంది."

"అయితే మందం. ఇంకా పామండి."

బాబాయి పామాడు. ఫ్యాను గాలికి ఆరిపోకుండా తడిగుడ్డ కప్పుతూ, అంటుకోకుండా మొక్కజొన్న పిండి చల్లుతూ మళ్ళీ పామాడు. ఎత్తి చీటీ మీద వేశాడు.

"ఇప్పుడు? పైకి చదవండి."

"తీగ వద్దు" అని చదివాడు.

"ఆఁ, సరిపోయింది. ఇవ్వండి."

పిన్ని అచ్చుతో నొక్కి, రేకల అంచులు వేలితో పలచన చేసి, చెంచాలో పడుకోబెట్టింది. తర్వాతి పొర.

"చదవండి."

"తీగ వద్దు."

తర్వాతిది.

"చదవండి."

"కనపడుతోంది లేవే."

"కనపడితే చాలదు. చదవాలి. నేను కళ్ళజోడు పెట్టుకోలేదు."

"తీగ వద్దు" అన్నాడు బాబాయి, ఎక్కాలు అప్పజెప్పే గొంతుతో.

అరవై పొరలు కావాలి. పదో పొర దాకా ఆయన వాదించాడు. బ్యాంకావిడ వేగంగా మాట్లాడిందన్నాడు, ఆ లైన్లో గరగర వచ్చిందన్నాడు, తీగ అని ఉంటే నువ్వొకసారి అడగొద్దా అన్నాడు. ఆ చివరి మాటలో కాస్త నిజముందని పిన్నికి తెలుసు. బుధవారం పంతం పట్టకుండా ఒక్క ఫోను చేసి ఉంటే ఈ ఆదివారం ఉండేది కాదు. ఆ సంగతి పైకి చెప్పేంత అమాయకురాలు కాదు కాబట్టి, "పామండి" అంది.

ఇరవయ్యో పొర దగ్గర బాబాయి వాదన ఆపాడు. ముప్పయ్యో పొర దగ్గర ఇంకేదో మొదలైంది. రేకని వెలుతురుకెత్తి, కళ్ళజోడు నుదుటికి తోసి, ప్రూఫు చూసినట్టు చూడసాగాడు. "ఇక్కడ చిన్న చీలిక ఉంది." "ఈ అంచు మడతపడింది." చిరాకుగా తీసుకుని చూస్తే నిజంగానే ఉండేది. పిన్నికి కనపడని గీతలు ఆయనకి కనపడుతున్నాయి. మెచ్చుకోవాలనిపించింది గానీ ఆ పూట మెచ్చుకోళ్ళకి సెలవు.

"ఆ పాత పూలన్నీ వృథా అయ్యాయి" అన్నాడు మధ్యలో, పెట్టె వైపు చూస్తూ.

"వృథా కావు. మీ రాతబల్ల మీద గ్లాసులో పెడతాను. వైరుందిగా, నిలబడతాయి."

మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. రొట్టె ముక్కలు ఎడమచేత్తో తిన్నారు. రెండింటికి ముప్పయ్యో చెంచాలో ముప్పయ్యో పువ్వు పడుకుంది. టేబులు ఫ్యాను కింద, కిటికీ గట్టు మీద, ఫ్రిజ్జు నెత్తిన వరసలు వరసలుగా చెంచాలు, వాటిలో తెల్ల పూలు. మూడున్నరకి మొదటి పువ్వుని పిన్ని ఊపిరి బిగబట్టి బోర్లించింది. అరచేతిలోకి జారింది. విరగలేదు. రేకలు చెంచా వంపునే నిలబెట్టుకుని, ఇప్పుడే విచ్చుకున్నట్టున్నాయి. వైరు లేని పూలు వైరు పూలకంటే పలచగా, తేలిగ్గా వచ్చాయి.

మిగిలిన ముద్దలో ఆకుపచ్చ రంగు వేసి, తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"అదెందుకు?" అన్నాడు బాబాయి.

"తీగకి. ఉత్త పంచదార తీగ. వద్దని ఎవరూ అనలేదుగా, మీరు తప్ప."

బయల్దేరేముందు బాబాయి ముప్పై పూలూ ఒక్కొక్కటే వెలుతురుకెత్తి చూసి పెట్టెలో సర్దాడు. పాతవాటిలోది ఒక్కటి కూడా కలవలేదని రెండోసారి చూశాడు. పెట్టె ఆయనే పట్టుకున్నాడు. మెట్లు దిగుతున్నంతసేపూ పిన్ని ఆయన పాదాల వైపే చూసింది, "పెట్టె పడింది" అనే మాట వినే ఓపిక ఇక లేదు కాబట్టి.

బ్యాంకావిడ ఇంట్లో బల్ల మీద తెల్లటి కేకు సిద్ధంగా ఉంది. పక్కన కుర్చీలో పెద్దావిడ, ఉతికిన పత్తిలాంటి జుట్టుతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిన్ని పచ్చటి ముద్దని అరచేతుల మధ్య తాడులా పేని కేకు చుట్టూ పాకించింది, ఆకులతికించింది, కొసలు మెలితిప్పింది. పూలు ఒక్కొక్కటీ కూర్చోబెట్టింది. బ్యాంకావిడ "అబ్బ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయిందా అమ్మాయ్?" అంది పెద్దావిడ.

"అయింది పెద్దమ్మా. మీరే మొదలుపెట్టాలి."

పెద్దావిడ చెయ్యి చాపింది. వేళ్ళకి తీగ కొస తగిలింది. దాన్ని పట్టుకుని, ఆకు దాటి, మెలిక దాటి, దారి అడుక్కుంటూ పోయినట్టు పోయి ఒక పువ్వు దగ్గర ఆగింది. తుంచింది. నోటిదాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

"లోపల ఏమీ లేదుగా?"

"ఏమీ లేదు పెద్దమ్మా."

"పోయినేడూ అదే మాట అన్నారు" అని పువ్వుని తడుముకుంటూ పళ్ళెంలో పెట్టేసింది. కోపంగా కాదు. చెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్ళిపోయింది.

"అమ్మా, పిన్నిగారు అలా చేయరమ్మా" అంది కూతురు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పిన్ని పళ్ళెంలోని పువ్వు వైపు చూస్తూ నిలబడింది. ఒట్టు వేయవచ్చు. పోయినేడు వాళ్ళూ వేసే ఉంటారు.

వెనకాల బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున ఉండేదండీ. ఇప్పుడు లేదు."

బ్యాంకావిడ ఉలిక్కిపడింది. "ఉండేదా?"

"చీటీలో మాట మారిపోయింది. వైరు తీగ అయింది. దాంతో మొదట పూలు వైర్లతో తయారయ్యాయి. తర్వాత పొరపాటు బయటపడింది."

మారిపోయింది, అయింది, తయారయ్యాయి, బయటపడింది. పిన్ని మనసులోనే లెక్కపెట్టింది. నాలుగు పనులు జరిగాయి, చేసినవాడు ఒక్కడూ లేడు.

పెద్దావిడ మొహం గొంతు వచ్చిన వైపు తిప్పింది. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మాట దానంతట అదే ఎలా మారింది నాయనా?"

బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని తీగకి చక్కగా ఉన్న మెలికని ఇంకా చక్కగా సర్దుతోంది. ఆయన చెయ్యి జేబులోని ఎర్ర కలం దాకా వెళ్ళి, ఏం చేయాలో తోచక దిగిపోయింది.

"మారలేదండీ" అన్నాడు నెమ్మదిగా. "నేను మార్చాను. మీ అమ్మాయి వైరు అంది. నేను తీగ అని మార్చాను. లోపల అంది, దాన్నీ కొట్టేశాను. మా ఆవిడ చీటీలో ఉన్నట్టే చేసింది. మళ్ళీ పొద్దున్నుంచి కూర్చుని ముప్పై పూలూ కొత్తగా చేసింది. ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి నేనే చూశాను. ఇందులో వైరు లేదు. తప్పు నాది."

ఆ చివరి రెండు మాటలూ పిల్లిలా అడుగులేసుకుంటూ బయటికొచ్చాయి.

పెద్దావిడ పళ్ళెంలోకి చెయ్యి పెట్టి పువ్వు వెతుక్కుంది. ఈసారి నోటి దగ్గర ఆగలేదు. రేకలు కరకరమన్నాయి. కాసేపు నములుతూ కూర్చుంది, తల ఒక పక్కకి వాల్చి. మొహంలో ఎక్కడో నవ్వు కదిలింది.

"చివర్లో ఏదో అన్నావు నాయనా. తప్పు ఎవరిదన్నావు? సరిగ్గా వినపళ్ళేదు."

రెండు గదుల అవతల ఏ చెంచా పడిందో చెప్పే మనిషి. పిన్ని ఆ సంగతి గుర్తుచేయలేదు. బ్యాంకావిడా గుర్తుచేయలేదు.

బాబాయి నిటారుగా నిలబడి, వంటింట్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు.

"తప్పు నాదేనండీ!"